కళ్లెదుటే ఎగరాలి డ్రోన్

డ్రోన్ గాలిలో ఉన్నంతసేపూ దాన్ని ఎగరేసే మనిషి కళ్లెదుటే ఉండాలి. డ్రోన్ భద్రతలో మొదటి సూత్రం ఇదే. కంటికీ డ్రోన్‌కూ మధ్య ఏ అడ్డూ ఉండకూడదు. చెట్టు అడ్డం రాకూడదు. గోడ అడ్డం రాకూడదు. దూరం కూడా అడ్డం కాకూడదు. ఇక్కడ చూపు అంటే మామూలు కంటిచూపే. కళ్లద్దాలు వాడేవాళ్లు వాటితో చూడవచ్చు. బైనాక్యులర్స్‌తో చూస్తే లెక్కలోకి రాదు. రిమోట్ మీద ఉండే తెరలో చూసినా లెక్కలోకి రాదు.

ఆకాశంలో ఎక్కడో నల్లటి చుక్కలా కనబడితే చాలదు. ఎగరేసేవాళ్లు మూడు ప్రశ్నలు గుర్తు పెట్టుకోవాలి. డ్రోన్ ఎక్కడుంది? ఎటు తిరిగి ఉంది? దాని చుట్టూ ఏముంది? ఏ క్షణంలో అడిగినా, తెర చూడకుండా ఈ మూడింటికీ జవాబు చెప్పగలగాలి. ఏ ఒక్కదానికి జవాబు తెలియకపోయినా డ్రోన్ చూపు దాటినట్టే. వెంటనే దగ్గరికి తెచ్చుకోవాలి.

నిజామాబాద్ జిల్లాలోని నందిపేట, ఆర్మూర్, బోధన్ ప్రాంతాల్లో డ్రోన్ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. పెళ్లిళ్లలో బరాత్‌ను పైనుంచి వీడియో తీసేది చిన్న డ్రోన్. పంటల మీద మందు కొట్టేది పెద్ద డ్రోన్. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 15 వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించాలన్నది ఆ పథకం లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం ప్రకటించారు. అంటే ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్న యంత్రం పొలం గెట్టు మీదికి కూడా వచ్చింది. ఎగరేసే చేతులు పెరిగాయి. అందుకే ఈ మొదటి సూత్రం ఎగరేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

డ్రోన్‌కు కెమెరా ఉంది. ఆ కెమెరా చూసేదంతా చేతిలోని తెర మీద కనిపిస్తుంది. మరి కళ్లతో చూడటం ఎందుకు? చాలామందికి వచ్చే సందేహం ఇది. మేకల కాపరిని గమనిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. మేక ధ్యాసంతా ముందున్న ఆకు మీదే ఉంటుంది. ఆ ఆకు బీడులోదో, పక్కవాళ్ల పసుపు చేనులోదో మేకకు పట్టదు. కాపరి అలా కాదు. గట్టు మీద నిలబడి మందనంతా చూస్తాడు. గెట్టు ఎక్కడుందో చూస్తాడు. రోడ్డు మీద లారీ వస్తున్నదా అని చూస్తాడు. వెనక నుంచి కుక్క వస్తున్నదా అని చూస్తాడు. డ్రోన్ కెమెరాది మేక చూపు. ఎగరేసే మనిషిది కాపరి చూపు. ఆ మనిషి కూడా తెరలోనే తలదూర్చితే ఇక కాపలా కాసేవాళ్లే ఉండరు.

కెమెరా చూపు ఎంత ఇరుకో లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు కెమెరా డ్రోన్‌కు దాదాపు 80 డిగ్రీల మేర కనిపిస్తుంది. చుట్టూ మొత్తం 360 డిగ్రీలు. అంటే నాలుగో వంతు కూడా కనిపించదు. వెనక ఏముందో తెరలో ఉండదు. పక్కన ఏముందో ఉండదు. పైన ఏముందో ఉండదు. డ్రోన్ వెనక్కి వస్తూ చెట్టుకు తగిలితే, ఆ చెట్టు తెరలో ఒక్కసారైనా కనిపించి ఉండదు.

ఇంకో లోపం కూడా ఉంది. తెర మీద బొమ్మ కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం సెకనులో చిన్న భాగమే. కానీ సెకనుకు 10 మీటర్లు పోయే డ్రోన్, సెకనులో ఐదో వంతు గడిచేసరికి 2 మీటర్లు ముందుకు పోతుంది. తెరలో చెట్టు ఇంకా 2 మీటర్ల దూరంలో ఉందనిపిస్తుంది. అప్పటికే డ్రోన్ చెట్టును తాకి ఉంటుంది. కొన్ని డ్రోన్లకు అడ్డంకులను పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. అవి గోడను పసిగడతాయి. సన్నటి కరెంటు తీగనూ, ఆకులు రాలిన సన్న కొమ్మనూ చాలాసార్లు పసిగట్టలేవు. కాబట్టి సెన్సర్ తోడు మాత్రమే. కాపలా మాత్రం కంటిదే.

ఇక రెండో సందేహం. ఎంత దూరం దాకా ఎగరేయవచ్చు? అన్ని డ్రోన్లకూ సరిపోయే ఒక్క అంకె లేదు. డ్రోన్ పెద్దదైతే ఎక్కువ దూరం కనిపిస్తుంది. చిన్నదైతే త్వరగా మాయమవుతుంది. వెలుతురు తగ్గితే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. అయినా అంచనా వేసుకోవడానికి ఒక కొలత ఉంది. ఆ కొలత పున్నమి చంద్రుడు.

ఆకాశంలో చంద్రుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. ఒక అడుగు వెడల్పున్న డ్రోన్‌ను తీసుకుందాం. అంటే 30 సెంటీమీటర్లు. అది 35 మీటర్ల దూరంలో ఉంటే చంద్రుడంత వెడల్పుగా కనిపిస్తుంది. 100 మీటర్లకు పోతే చంద్రుడిలో మూడో వంతు అవుతుంది. 350 మీటర్లకు పోతే పదో వంతు అవుతుంది. కిలోమీటరు పోతే ముప్పయ్యో వంతు. బాగా కనిపించే కన్ను విడివిడిగా పోల్చుకోగలిగే సన్నదనానికి దాదాపు అదే హద్దు. ఆ దూరంలో డ్రోన్ ఉందో లేదో కూడా నమ్మకంగా చెప్పలేరు.

ఉందని తెలియడం వేరు. ఎటు తిరిగి ఉందో తెలియడం వేరు. ఎటు తిరిగి ఉందో తెలియాలంటే డ్రోన్ ఇంకా దగ్గరలో ఉండాలి. ఆ దూరాన్ని అంచనా వేయడానికి యూరప్‌లో ఒక లెక్క వాడతారు. డ్రోన్ వెడల్పును మీటర్లలో తీసుకోవాలి. దాన్ని 327తో గుణించాలి. వచ్చినదానికి 20 కలపాలి. 30 సెంటీమీటర్ల డ్రోన్‌కు ఇలా లెక్క కడితే దాదాపు 118 మీటర్లు వస్తుంది. మీటరున్నర వెడల్పున్న మందు కొట్టే డ్రోన్‌కు దాదాపు 510 మీటర్లు వస్తుంది. ఈ లెక్క మన దేశంలో చట్టం కాదు. కానీ మనిషి కంటి శక్తి అక్కడైనా ఇక్కడైనా ఒకటే. కాబట్టి అంచనాకు పనికొస్తుంది. చంద్రుడి కొలతతో చెప్పాలంటే, డ్రోన్ చంద్రుడిలో మూడో వంతు కన్నా చిన్నదిగా కనిపిస్తే ఇక ముందుకు పంపకూడదు.

పొలం భాషలో ఇది ఇంకా తేలిక. ఒక ఎకరం నేల నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు ఉంటుంది. అలాంటి రెండు ఎకరాలు వరసగా ఉంటే 128 మీటర్లు. అంటే చిన్న కెమెరా డ్రోన్ రెండో ఎకరం కొసకు చేరకముందే ఆగాలి. అవతలి గెట్టు దాకా పోవాలంటే మనిషే ముందుకు నడవాలి. నడిచి, నిలబడి, మళ్లీ ఎగరేయాలి. డ్రోన్‌ను దూరం పంపడం కన్నా మనిషి దగ్గరికి పోవడం మంచిది.

ఎత్తు కూడా దూరమే. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. డ్రోన్ 100 మీటర్లు ముందుకు పోయి, 60 మీటర్లు పైకి లేచిందనుకుందాం. కంటి నుంచి దాని దూరం 100 మీటర్లు కాదు. దాదాపు 117 మీటర్లు. చిన్న డ్రోన్‌కు ఆ దూరమే హద్దు. ముందుకు ఎక్కువ పోవాలంటే ఎత్తు తగ్గించుకోవాలి. ఎత్తుకు పోవాలంటే దగ్గరలోనే ఉంచుకోవాలి.

ఎటు తిరిగి ఉందో తెలియడం ఎందుకంత ముఖ్యం? డ్రోన్ ముఖం అవతలికి ఉన్నప్పుడు రిమోట్ మీది కుడి స్టిక్కును కుడికి నెడితే అది కుడికే పోతుంది. ముఖం ఇవతలికి తిరిగితే అంతా తారుమారు. స్టిక్కును కుడికి నెడితే, చూసేవాళ్లకు అది ఎడమకు పోతుంది. దగ్గరలో ఉంటే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. చుక్కలా మారిన డ్రోన్ విషయంలో తెలియదు. తీగకు దూరంగా జరపాలని నెట్టిన స్టిక్కే దాన్ని తీగ మీదికి తీసుకుపోతుంది. అందుకే మూడు ప్రశ్నల్లో రెండోది ఎప్పుడూ మరవకూడదు. ఎటు తిరిగి ఉంది? చాలా డ్రోన్లకు ముందు ఒక రంగు లైటు, వెనక ఒక రంగు లైటు ఉంటాయి. ఎగరేసే ముందే ఏది ముందో, ఏది వెనకో చూసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఈ నేల సంగతికి వద్దాం. నిజామాబాద్ జిల్లాలో చూపును అడ్డుకునేవి చాలా ఉన్నాయి. మొదటిది చెరకు. ఎదిగిన చెరకు మనిషి తల దాటి పెరుగుతుంది. చెరకు గెట్టున నేల మీద నిలబడినవాళ్లకు ముందున్న నాలుగు వరసలే కనిపిస్తాయి. మందు కొట్టే డ్రోన్ పంటకు కొద్ది మీటర్ల పైనే ఎగురుతుంది. చేను మధ్యకు పోయేసరికి ఆకుల వెనక సగం దాగిపోతుంది. అలాంటి చోట నేల మీద నిలబడి ఎగరేయకూడదు. కాల్వ కట్ట లాంటి ఎత్తయిన చోటు చూసుకోవాలి. అక్కడి నుంచి అవతలి గెట్టు కనిపించాలి. మధ్యలో చెట్లున్నాయో లేవో కనిపించాలి. అలాంటి చోటు దొరకకపోతే చేనును రెండు ముక్కలుగా చేసుకుని, రెండు వైపుల నుంచి కొట్టాలి. మక్క చేను ఎదిగినప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

రెండోది కరెంటు తీగలు. ఇక్కడ బోర్ల వ్యవసాయం ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్లు పొలాల్లోనే ఉంటాయి. తీగలు మళ్ల మీదుగా పోతాయి. తీగ సన్నది. వంద మీటర్ల దూరం నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోతుంది. కానీ స్తంభం కనిపిస్తుంది. కాబట్టి తీగ కోసం వెతకకూడదు. స్తంభం కోసం వెతకాలి. రెండు స్తంభాలు కనిపిస్తే వాటి మధ్య తీగ ఉన్నట్టే లెక్క. ఇంకో ఇబ్బంది ఉంది. దూరంలో ఉన్న డ్రోన్ తీగకు ఇవతల ఉందో, అవతల ఉందో కన్ను చెప్పలేదు. దగ్గరి వస్తువుల దూరాన్ని రెండు కళ్లూ కలిసి బాగా పోల్చుకుంటాయి. దూరం పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. అందుకే డ్రోన్‌ను తీగకు ఒక పక్కనే ఉంచాలి. తీగ దాటించే పని పెట్టుకోకూడదు. అవతలి పక్క పని ఉంటే మనిషి అవతలికి పోయి అక్కడి నుంచి ఎగరేయాలి.

మూడోది చెట్లు, గుట్టలు. తాటిచెట్టు నిటారుగా ఎత్తు పెరుగుతుంది. పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. తెరలో అది హఠాత్తుగా ఎదురవుతుంది. కంటికి మాత్రం మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంటుంది. ఆర్మూర్‌లో నవనాథ సిద్ధుల గుట్ట ఉంది. దాని చుట్టూ పెద్ద పెద్ద బండరాళ్లు ఉన్నాయి. వీడియో తీసేవాళ్లకు అలాంటి చోటు మీద మోజు ఎక్కువ. కానీ డ్రోన్ ఒక బండ వెనక్కి పోతే చాలు, చూపు తెగిపోతుంది. చూపుతో పాటు సిగ్నల్ కూడా తెగిపోవచ్చు.

నాలుగోది నీళ్లు. నందిపేటకు ఉత్తరాన గోదావరి. పోచంపాడు దగ్గర కట్టిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 1,091 అడుగులు. ప్రాజెక్టు నిండితే నీళ్లు నందిపేట మండలం తీరం దాకా పరుచుకుంటాయి. నేల మీద అయితే చెట్టునో, గెట్టునో చూసి దూరం అంచనా వేయవచ్చు. నీటి మీద అలాంటి గుర్తులు ఉండవు. డ్రోన్ 100 మీటర్ల దూరంలో ఉందో, 300 మీటర్ల దూరంలో ఉందో తెలియదు. ఎంత కిందికి దిగిందో కూడా తెలియదు. ఉమ్మెడ దగ్గర గోదావరి మీద వంతెన ఉంది. అలాంటి వంతెన కింది నుంచి డ్రోన్‌ను పోనిస్తే, అవతలికి వచ్చేదాకా అది కంటికి కనిపించదు. ఆ పని చేయకూడదు. తీరంలో కృష్ణజింకలు, పక్షులు కూడా తిరుగుతాయి. గద్ద డ్రోన్ మీదికి దూకితే ఆ సంగతి తెరలో తెలియదు. తల ఎత్తి చూసేవాళ్లకే తెలుస్తుంది. పక్షులు గుమిగూడిన చోటికి, జింకల మందల మీదికి డ్రోన్‌ను పంపకూడదు.

వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. సూర్యుడికి ఎదురుగా నిలబడి ఎగరేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. డ్రోన్ సూర్యుడికి అడ్డంగా వస్తే ఒక్క క్షణంలో మాయమవుతుంది. అందుకే సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలి. పొద్దున అయితే డ్రోన్ పడమటి వైపు ఎగరాలి. సాయంత్రం అయితే తూర్పు వైపు ఎగరాలి. చలికాలం పొద్దున పొలాల మీద మంచు దిగుతుంది. గోదావరి తీరంలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. మంచు విడిచేదాకా ఆగాలి. బూడిద రంగు డ్రోన్ మబ్బు పట్టిన ఆకాశంలో తేలిగ్గా కలిసిపోతుంది. నల్ల డ్రోన్ చెట్ల నీడలో కలిసిపోతుంది. పొద్దు గూకాక డ్రోన్ లైటు కనిపిస్తుంది. కానీ లైటును చూసి దూరం చెప్పలేరు. చుట్టూ ఉన్న తీగలు, కొమ్మలు అసలే కనిపించవు. మూడో ప్రశ్న గుర్తు చేసుకోవాలి. దాని చుట్టూ ఏముంది? చీకట్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. బరాత్‌లో అయితే కింద జనం కూడా ఉంటారు. కాబట్టి చీకట్లో, జనం మీదుగా ఎగరేయకూడదు.

కన్ను చేసే ఒక పొరపాటు గురించి కూడా తెలియాలి. చేతిలోని తెర అడుగున్నర దూరంలో ఉంటుంది. డ్రోన్ వంద మీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గర నుంచి దూరానికి చూపు మారడానికి కంటికి కొంత సమయం పడుతుంది. పైగా ఖాళీ ఆకాశంలో చూపు నిలపడానికి ఏమీ ఉండదు. అప్పుడు కన్ను తనంతట తానే దగ్గరి దూరానికి సర్దుకుంటుంది. దూరాన ఉన్న చిన్న వస్తువు ఎదుటే ఉన్నా కనిపించదు. దీనికి ఒక ఉపాయం ఉంది. తెర చూసే ముందు డ్రోన్ ఏ గుర్తుకు దగ్గరలో ఉందో చూసుకోవాలి. ఒక చెట్టు కొసనో, ఒక స్తంభాన్నో గుర్తు పెట్టుకోవాలి. తెరను ఒకటి రెండు సెకన్లు చూడాలి. వెంటనే ముందు ఆ గుర్తు మీదికి, అక్కడి నుంచి డ్రోన్ మీదికి చూపు మళ్లించాలి. చూపు ఎక్కువసేపు డ్రోన్ మీదే ఉండాలి. తెర మీద తక్కువసేపే ఉండాలి.

కంటిచూపుకు అడ్డం వచ్చేవే రిమోట్ సిగ్నల్‌కూ చాలాసార్లు అడ్డం వస్తాయి. చిన్న డ్రోన్ల రిమోట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పని చేస్తాయి. ఈ తరంగాలు గుట్టను దాటలేవు. పచ్చటి ఆకుల్లో ఉండే నీరు వీటిని పీల్చుకుంటుంది. చెరకు తోట గుబురు వెనక సిగ్నల్ బలహీనపడేది అందుకే. డ్రోన్ కంటికి కనిపిస్తుంటే సిగ్నల్ దారి కూడా చాలావరకు తెరిచి ఉన్నట్టే. కన్ను కోల్పోయిన డ్రోన్‌ను రిమోట్ కూడా కోల్పోయే ప్రమాదం ఉంది.

సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తానే తిరిగి వస్తుంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. దాన్ని రిటర్న్ టు హోమ్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఎగిరేటప్పుడు బయలుదేరిన చోటును డ్రోన్ జీపీఎస్ సాయంతో గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నల్ తెగితే, ముందే పెట్టిన ఎత్తుకు లేస్తుంది. అక్కడి నుంచి తిన్నగా వెనక్కి వస్తుంది. ఆ ఎత్తు 30 మీటర్లని పెట్టి, దారిలో 40 మీటర్ల టవర్ ఉంటే? టవర్‌కు తగిలే ప్రమాదం ఉంది. జీపీఎస్ సరిగా అందక ముందే ఎగరేస్తే బయలుదేరిన చోటు కూడా తప్పుగా గుర్తుండిపోవచ్చు. కాబట్టి ఈ సౌకర్యం ఆఖరి ఆసరా మాత్రమే. దాన్ని నమ్ముకుని చూపు దాటించకూడదు. ఎగరేసే ముందే చుట్టుపక్కల అన్నింటికన్నా ఎత్తయినది ఏదో చూడాలి. తిరిగి వచ్చే ఎత్తును దానికన్నా ఎక్కువగా పెట్టాలి.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలివాలులో డ్రోన్ తేలిగ్గా, త్వరగా దూరం పోతుంది. తిరిగి రావాలంటే ఎదురుగాలిలో రావాలి. అప్పుడు వేగం తగ్గుతుంది. బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలిలో పంపాలి. వచ్చేటప్పుడు గాలి సాయపడుతుంది.

ఇంత జాగ్రత్త పడినా డ్రోన్ ఒక్కోసారి చూపు నుంచి తప్పిపోవచ్చు. అప్పుడు గాబరా పడకూడదు. మొదట స్టిక్కులు వదిలేయాలి. జీపీఎస్ అందుతున్న డ్రోన్ ఉన్న చోటే నిలబడుతుంది. తర్వాత చివరిసారి కనబడ్డ చోటును చూడాలి. చెవి కూడా పెట్టాలి. ప్రొపెల్లర్ల మోత దిక్కు చెబుతుంది. అప్పటికీ కనబడకపోతే, డ్రోన్ పైన కొమ్మలు, తీగలు లేవని ఖాయంగా తెలిస్తేనే, నిలువునా కొద్దిగా పైకి లేపాలి. పైకి లేచిన డ్రోన్ కంటికి దొరకడం తేలిక. సిగ్నల్ కూడా మెరుగవుతుంది. పక్కలకు మాత్రం నెట్టకూడదు. చివరి ఉపాయంగా రిటర్న్ టు హోమ్ నొక్కాలి. ఈ వరస మరొకసారి. ఆపాలి. చూడాలి. వినాలి. లేపాలి. ఆ తర్వాతే వెనక్కి పిలవాలి.

పక్కన ఒక మనిషి తోడుంటే ఈ పని చాలా సులువవుతుంది. ఎగరేసేవాళ్లు తెర చూసే క్షణంలో తోడున్న మనిషి డ్రోన్‌ను చూస్తుంటారు. గద్ద వస్తున్నదనీ, తీగ దగ్గరపడుతున్నదనీ, పిల్లలు అటు పోతున్నారనీ చెబుతుంటారు. మందు కొట్టే డ్రోన్ విషయంలో ఇంకొకరు అవతలి గెట్టు మీద ఉంటే మేలు. డ్రోన్ గెట్టు దాటి పక్క చేను మీదికి పోయిందా లేదా అన్నది దూరం నుంచి తెలియదు. అవతల ఉన్నవాళ్లకు తెలుస్తుంది. వాళ్లు మందు తుంపర మీద పడని దూరంలో నిలబడాలి. మాటలు పొట్టిగా ఉండాలి. ఆపు, వెనక్కి, పైకి అన్న మాటలు చాలు. ఆ మాటలు ముందే అనుకుని పెట్టుకోవాలి. తోడు ఉన్నంత మాత్రాన ఎగరేసేవాళ్లు చూపు తిప్పుకోకూడదు. డ్రోన్ బాధ్యత చివరికి రిమోట్ పట్టుకున్న చేతిదే.

చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2018లో డ్రోన్లకు నియమాలు ప్రకటించింది. అవి ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డ్రోన్ కంటిచూపు దాటకూడదనీ, పగటిపూటే ఎగరాలనీ, 400 అడుగులు మించకూడదనీ ఆ నియమాలు చెప్పాయి. తర్వాత 2021 ఆగస్టు 25న కొత్త డ్రోన్ రూల్స్ వచ్చాయి. అనుమతుల విధానం చాలా సులభమైంది. దేశం మొత్తాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి తప్పనిసరి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకానే స్వేచ్ఛ. నిజామాబాద్ జిల్లాలో ప్రస్తుతం నడుస్తున్న విమానాశ్రయం లేదు. జక్రాన్‌పల్లి దగ్గర ప్రతిపాదన ఉంది. అయినా ఎగరేసే ప్రతిసారీ ఈ మండలాలను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోవాలి. ఎందుకంటే అవసరాన్ని బట్టి ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా తాత్కాలికంగా, అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎరుపు మండలంగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉంది.

250 గ్రాముల లోపు బరువున్న నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా వాడుకుంటే అప్పుడూ అక్కర్లేదు. పెళ్లి వీడియో తీసి డబ్బు తీసుకుంటే అది వ్యాపారమే. మందు కొట్టే డ్రోన్ల బరువు 2 కిలోలకు చాలా ఎక్కువ. కాబట్టి వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండి, పదో తరగతి పాసై, డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొందినవాళ్లకు అది ఇస్తారు. నియమాలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

చూపు దాటి డ్రోన్లు ఎగరవా అంటే, ఎగురుతాయి. దానికి మన తెలంగాణే ఉదాహరణ. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మెడిసిన్ ఫ్రమ్ ద స్కై కార్యక్రమం మొదలైంది. మందులు, టీకాలు ఉన్న పెట్టెలను డ్రోన్లు దూరాన ఉన్న ఆరోగ్య కేంద్రాలకు చేర్చాయి. అవి కంటిచూపు దాటి ఎగిరాయి. కానీ ఆ పని ఎవరో ఒక్కరు సొంతంగా చేసింది కాదు. రాష్ట్ర ప్రభుత్వం, నీతి ఆయోగ్, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి చేపట్టాయి. కేంద్ర పౌర విమానయాన శాఖ దానికోసం ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వానికే ప్రత్యేక మినహాయింపు కావాల్సి వచ్చిన పని అది. పొలం గెట్టు మీదో, పెళ్లి పందిరి పక్కనో నిలబడిన ఒక్క మనిషి దాన్ని చేయబోవడం నియమానికీ విరుద్ధం, జనానికీ ప్రమాదం.

ఎగరేసే ముందు చేయాల్సిన పని చివరిగా ఒకసారి. మొదట పొలం చుట్టూ నడవాలి. స్తంభాలు, చెట్లు, టవర్లు ఎక్కడున్నాయో చూడాలి. అవతలి కొస కనిపించే ఎత్తయిన చోటు ఎంచుకోవాలి. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలి. గాలి ఎటు వీస్తున్నదో చూడాలి. తిరిగి వచ్చే ఎత్తును సరిగా పెట్టాలి. తోడుగా ఒక మనిషిని నిలబెట్టుకోవాలి. చిన్న డ్రోన్‌ను వంద మీటర్ల దూరంలోపే ఉంచుకోవాలి. ఎగిరినంతసేపూ మూడు ప్రశ్నలు వేసుకుంటూ ఉండాలి. ఎక్కడుంది? ఎటు తిరిగి ఉంది? చుట్టూ ఏముంది? మూడింటికీ జవాబు తెలిసినంత మేరే డ్రోన్ ఎగరాలి.